రోడ్డు మూయండి, కానీ బోర్డు మీద టైం రాయండి

రోడ్ల శాఖ ఇంజినీర్లకు, ట్రాఫిక్ పోలీసులకు, తుపాను రాత్రి ‘మూసెయ్యండి’ అని ఫోన్లో చెప్పే అధికారం ఉన్నవాళ్లందరికీ,

నమస్కారం.

మాది సముద్రం ఒడ్డునున్న పల్లె. ఊళ్లోకి రావాలన్నా, ఊరు దాటి పోవాలన్నా ఒకటే రోడ్డు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చిత్తడి నేల, మధ్యలో రెండు బండ్లు కష్టమ్మీద తప్పుకునేంత తారు. చలికాలం తుపాన్లు మొదలయ్యాయంటే ఈ రోడ్డు ఎన్నిసార్లు మూతపడుతుందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం.

ఎందుకు మూశారని నిలదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మూయాల్సిందే. ఇంకా చెప్పాలంటే, మీరు చాలాసార్లు ఆలస్యంగా మూస్తున్నారు. మా బాధ మూసే పద్ధతి గురించి. ఎప్పుడు మూస్తారో, ఎందుకు మూశారో, ఎప్పుడు తెరుస్తారో ఏదీ తెలియదు. తెలిసేదల్లా ‘రోడ్డు మూసివేయబడినది’ అన్న బోర్డు ఒక్కటే. ఆ బోర్డుని మా దగ్గర ఎవరూ నమ్మరు. దాని వెనక ఒక కథ ఉంది, అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాన్నుంచే మొదలుపెడతాను.

ఒక ఏడాది చలికాలంలో తుపాను వచ్చింది, బారికేడ్ పెట్టారు. ఆదివారం రాత్రి గాలి తగ్గింది, సోమవారం మధ్యాహ్నానికి రోడ్డు మీద నీళ్లూ దిగిపోయాయి, జేసీబీ వచ్చి గులకరాళ్లు తోసేసి వెళ్లిపోయింది. బోర్డు మాత్రం తీయలేదు. మంగళవారం ఉంది, బుధవారం ఉంది. జనం ఎంతసేపని ఆగుతారు? మొదట ఒకతను కోన్ పక్కకి జరిపి వెళ్లాడు. వెనకాల ఇంకొకరు. గురువారం నాటికి బారికేడ్ పక్కన గడ్డి నలిగిపోయి, బురదలో టైర్ల జాడలు గట్టిపడి, చిన్న బాటే పడింది. పిల్లల్ని బడికి తీసుకెళ్లే బండి కూడా ఆ బాటలోంచే వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే రోడ్డు బాగానే ఉంది.

శుక్రవారం సాయంత్రం రెండో తుపాను వచ్చింది. అదే బోర్డు, అవే అక్షరాలు. సోమవారం అది అబద్ధం, శుక్రవారం అది నిజం. బోర్డు చూస్తే తేడా ఎలా తెలుస్తుంది? నేను కూడా ఆ బాటలోంచే కారు పోనిచ్చాను.

చీకటి పడుతోంది. హెడ్‌లైట్ వెలుగులో తడిసిన తారూ, నిలిచిన నీళ్లూ ఒకేలా మెరుస్తాయని ఆ రోజే తెలిసింది. పల్లపు చోటికి రాగానే స్టీరింగ్ తేలికైపోయింది, చేతిలో ఏమీ లేనట్టు. ఇంజిన్ ఆగిపోయింది. నీళ్లు డోర్ కింద నుంచి లోపలికి వచ్చాయి, కాళ్ల కింది మ్యాట్ మెల్లగా పైకి లేచింది. ప్రతి అలకీ కారు ఒక జానెడు చిత్తడి వైపు జరుగుతోంది. ట్రాక్టర్‌తో లాగిన పెద్దాయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. న్యాయమైన తిట్లే.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. ఒక ఘనపు మీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. చిన్న కారు అడుగుభాగం నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకుంటే ఆరు చదరపు మీటర్లు. నేలకి 18 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్డు మీద 30 సెంటీమీటర్ల నీళ్లుంటే కారు 12 సెంటీమీటర్లు మునిగినట్టు, అంటే 720 కిలోల బరువు నీళ్లే మోసేస్తాయి. వెయ్యి కిలోల కారుకి ఇక టైర్ల కింద మిగిలేది 280 కిలోల పట్టు. అప్పుడు పక్క నుంచి ఒక అల చాలు. 30 సెంటీమీటర్ల పారే నీరు చాలా కార్లను కొట్టుకుపోగలదనీ, 15 సెంటీమీటర్లు మనిషిని పడేయగలదనీ అమెరికా వాతావరణ శాఖ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. మోకాలి దాకా కూడా అక్కర్లేదు. ఈ ఒక్క లెక్క బారికేడ్ మీద అంటించినా, ‘మూసివేయబడినది’ అన్న మాట కన్నా ఎక్కువమందిని ఆపుతుంది.

నేను చేసింది తప్పే, దాన్ని మీ మీదికి నెట్టడం లేదు. కానీ ఆ నాలుగు రోజుల బోర్డే మాకు దాన్ని దాటడం నేర్పింది. కాబట్టి మొదటి మాట ఇదే: రోడ్డు తెరిచిన గంటలోపు బోర్డు తీయించండి. మూయడానికి ఎంత హడావిడి పడతారో, తీయడానికీ అంతే పడండి. మనుషులు లేరంటారు. ఊళ్లో ఎవరికైనా అప్పగించండి, ఫోన్లో చెబితే మేమే వెళ్లి తీసి పక్కన పెడతాం.

రెండోది, టైం. సముద్రం పక్క రోడ్డుకి ఒక సౌకర్యం ఉంది, కొండ దారికి లేనిది. ప్రమాదం ఏ వేళకి వస్తుందో చాలావరకు ముందే తెలుస్తుంది. సముద్రపు పోటు ఎన్ని గంటలకు ఎంత ఎత్తు లేస్తుందో ఏడాది ముందే పట్టికల్లో అచ్చవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ పోటు పెద్దది. చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. దానికి తుపాను కలుపుకోవాలి. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మామూలుగా 1013 ఉండాల్సింది 963కి పడిందంటే, గాలీ అలలూ కలపకుండానే నీళ్లు అరమీటరు పైకొచ్చినట్టు. ఈ అంకెలన్నీ మీ ఆఫీసులో ఉంటాయి. మరి మాకు రాత్రి పదకొండుకి సైరన్ వేసుకుని జీపు వచ్చి ‘ఇప్పుడే మూసేస్తున్నాం’ అనడమేమిటి?

తెల్లవారుజామున ఐదుకి పెద్ద పోటుంటే, ముందు రోజు మధ్యాహ్నమే చెప్పండి: ‘రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా మూస్తాం. మళ్లీ సాయంత్రం పోటు ఐదున్నర ప్రాంతంలో కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ మూస్తాం. నడుమ ఎనిమిది నుంచి రెండున్నర వరకు, రోడ్డు చూసి, బాగుంటే వదులుతాం.’ ఈ నాలుగు ముక్కలు తెలిస్తే మందులు కావాల్సినవాళ్లు తెచ్చుకుంటారు, పరీక్ష ఉన్న పిల్లవాడు బంధువుల ఇంటికి వెళ్లిపోతాడు, పనికి పోవాల్సినవాళ్లు యజమానికి ముందే కబురు చేస్తారు. గంట అటూ ఇటూ అయినా ఎవరూ కేసు పెట్టరు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే కాజ్‌వే, అంటే సముద్రం మధ్య నుంచి పోయే రోడ్డు, రోజూ పోటుకి మునుగుతుంది. ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట దాకా దాటొచ్చో పట్టిక ముందే ప్రకటిస్తారు. అయినా కొందరు మొండిగా వెళ్లి ఇరుక్కుంటారు, అలాంటివాళ్ల కోసం దారి మధ్యలో స్తంభాల మీద చిన్న గది కట్టి పెట్టారు, మెట్లెక్కి కూర్చుంటే రక్షించేవాళ్లు వస్తారు. ఫ్రాన్స్‌లో నార్మూటియే దీవికి పోయే పసాజ్ దు గ్వా అన్న నాలుగు కిలోమీటర్ల దారి కూడా అలాంటిదే, ఎక్కి ప్రాణం కాపాడుకోవడానికి దారి పొడవునా ఎత్తైన కంబాలున్నాయి. మనుషులు తప్పు చేస్తారని ముందే ఒప్పుకుని కట్టిన ఏర్పాట్లివి. నాకు వీటిలో నచ్చేది అదే.

గాలి విషయానికొస్తే, కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని కలిపే 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ బ్రిడ్జి చూడండి. గాలి గంటకు 70 కిలోమీటర్లు దాటితే మోటార్‌సైకిళ్లను, ఎత్తైన లారీల్లాంటి వాటిని ఆపేస్తారు. ఆ అంకె అందరికీ తెలుసు, కాబట్టి డ్రైవర్ ఎవరితోనూ గొడవపడక్కర్లేదు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. ఖాళీ లారీకి అది చావుబతుకుల సమస్య, నేలకి అంటుకుపోయే చిన్న కారుకి అంత కాదు. మా దగ్గర మాత్రం మూస్తే అందరికీ మూత, తెరిస్తే అందరికీ తెరుపు. మీ అంకె ఏమిటో మాకూ చెప్పండి. అంకె లేదా? అయితే ఒకటి పెట్టుకోండి.

ఇక బారికేడ్ ఎక్కడ పెడతారన్నది. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ మ్యాపులో ఇది కనిపించదు. నీళ్లు వచ్చే పల్లానికి రెండు వందల గజాల ముందు పెడతారు. కాగితం మీద అది సరైన చోటే. కానీ అక్కడికి వచ్చిన పెద్ద లారీ వెనక్కి తిరగడానికి చోటే లేదు. ఒక రాత్రి నా కళ్లముందు జరిగింది. సరుకు లారీ, ఈ ప్రాంతం తెలియని డ్రైవర్. ఫోన్‌లో మ్యాప్ చూపించినట్టు వచ్చాడు, ఎందుకంటే రోడ్డు మూసిన సంగతి మ్యాప్‌కి ఎవరూ చెప్పలేదు. బారికేడ్ చూసి ఆగాడు. వెనకాల అప్పటికే మూడు కార్లు. అతను దిగి, ఒక్కో కారు అద్దం మీద తట్టి, వాళ్లని వెనక్కి పంపి, తర్వాత రివర్స్ మొదలుపెట్టాడు. వాన, చీకటి, అద్దాల్లో ఏమీ కనపడదు. మా ఊరి కుర్రాడొకడు టార్చి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చూపించాడు. అరకిలోమీటరు వచ్చాక వెనక చక్రం గట్టు దిగింది. అంతే, తెల్లారేదాకా లారీ అక్కడే, డ్రైవర్ క్యాబిన్‌లోనే. అలల తుంపర అద్దం మీద ఉప్పు పొరలా పేరుకుపోయింది. ఆ లారీ అడ్డంగా ఉన్నంతసేపూ అంబులెన్స్‌కి కూడా దారి లేదు.

బారికేడ్ అక్కడ కాదు, ఆఖరి పెద్ద కూడలి దగ్గర పెట్టాలి. వేరే దారికి మళ్లడానికి, లేదా కనీసం తిరగడానికి వీలున్న చివరి చోటు అది. పల్లం దగ్గర ఇంకొకటి ఉండనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. ఆ డైవర్షన్ దారిని కూడా ముందు ఒకసారి మీరే నడిపి చూడండి. చెట్ల మధ్య నుంచి పోయే ఒంటి దారి అది. రోడ్డుని సముద్రం మూసేంత గాలి వీస్తే, ఆ దారిని చెట్లు మూస్తాయి. ఒక తుపానుకి మమ్మల్ని అటు మళ్లించారు, అక్కడ రెండు చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. రోడ్డు లేదన్నారు, డైవర్షన్ ఉందన్నారు, రెండూ లేవు.

ఇప్పటిదాకా రాసింది బయటి నుంచి వచ్చేవాళ్ల గురించి. లోపల ఉండిపోయేవాళ్ల సంగతి ఇంకొకటి. మా వీధిలో ఒకావిడ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. చాలామంది కిడ్నీ రోగుల షెడ్యూలు అదే. ఒకరోజు తప్పితే నీరు పడుతుంది, ఆయాసం మొదలవుతుంది. రెండు తప్పితే ఏమవుతుందో డాక్టర్‌ని అడగండి. తుపాను కబురు వినగానే ఆవిడ కొడుకు చేసే మొదటి పని, మీ ఆఫీసుకి ఫోన్ చేయడం. ‘పోలీసుల్ని అడగండి’ అంటారు. పోలీసులు ‘రోడ్ల శాఖ చెప్పాలి’ అంటారు. మూయాలని నిర్ణయించేది ఎవరో మూయించుకునేవాళ్లకి తెలియకపోవడం ఎంత విచిత్రమో చూడండి. ఒక్క నంబర్ ఇవ్వండి. ఎత్తే మనిషికి అన్నీ తెలియక్కర్లేదు, ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద ఉండేవాళ్లకి కరెంటు పోతే గండం. నెలలు నిండిన గర్భిణులుంటారు. వీళ్లు ఎవరెవరో ఊళ్లో అందరికీ తెలుసు, ఒక కాగితం మీద పేర్లు రాస్తే పది నిమిషాల పని. మూసే ముందు వీళ్లని దాటించండి, లేదా ఒక అంబులెన్స్‌ని, ఒక నర్సుని మూసిన గేటుకి మా వైపు ఉంచండి. నార్వేలో చలికాలం కొన్ని దారుల్లో బండ్లన్నిటినీ ఒక వరసలో పెట్టి, మంచు తోసే బండి వెనకాల నడిపిస్తారు. మధ్యలో ఒకరూ విడిపోకుండా ముందూ వెనకా కాపలా. మా రోడ్డు మీద మంచు లేకపోవచ్చు, కానీ రెండు పోట్ల మధ్య దొరికే కొద్ది గంటల్లో జేసీబీ ముందు, అవసరమైన బండ్లు వెనక, ఇలా దాటించడానికి ఏం అడ్డం?

కబురు ఎలా చేరవేస్తారన్నది కూడా చూడాలి. మీ ప్రకటనలన్నీ ఫోన్లలోనే. కరెంటు పోయాక సెల్ టవర్ బ్యాటరీ ఎంతసేపుంటుంది? కొన్ని గంటలు. సరిగ్గా కబురు కావాల్సిన వేళకి ఫోన్ గోడ గడియారం కన్నా పనికిరాని వస్తువైపోతుంది. రేడియోలో చెప్పించండి, మైకు బండి పంపండి. అన్నిటికన్నా నాకు నమ్మకమున్నది సుద్దముక్కతో రాసే నల్లబోర్డు. ‘ఇప్పుడు ఉదయం 7. పల్లంలో నీళ్లు ఉన్నాయి. మళ్లీ 10కి చెబుతాం.’ ఎవరో మనిషి వచ్చి, చూసి, చేత్తో రాశాడని తెలుస్తుంది. పదింటికి ఏమీ మారకపోతే ‘మార్పు లేదు, మళ్లీ 1కి’ అని రాయండి. కొత్త సంగతేమీ లేకపోయినా చెప్పడం మానొద్దు. చెప్పిన టైంకి చెప్పకపోతేనే జనం కోన్లు జరపడం మొదలుపెడతారు.

తెరవడంలో తొందరపడమని మాత్రం మేం అడగం. నీళ్లు దిగాక రోడ్డు పైకి నున్నగానే కనిపిస్తుంది, కానీ అలలు పక్క నుంచి లోపలి మట్టినీ కంకరనీ లాగేసుకుని ఉంటాయి. తారు పొర కింద ఖాళీ. ఒకసారి మీ ఇంజినీర్ ఒకాయన ఇనుప కడ్డీతో రోడ్డు అంచున కొడుతూ నడవడం చూశాను. నాలుగైదు చోట్ల గట్టి చప్పుడు, ఒకచోట మాత్రం డొల్ల చప్పుడు, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. ఆయన ఆగి, ఇంకోసారి కొట్టి, చుట్టూ సున్నంతో గీత గీశారు. అక్కడ నిలబడి చూసిన నలుగురం ఆ రోజంతా నోరెత్తలేదు, ఊళ్లో విసుక్కుంటున్నవాళ్లకి కూడా మేమే సర్దిచెప్పాం. ఎందుకు ఆలస్యమవుతోందో ఆ ఒక్క చప్పుడు చెప్పింది. మీరు చేసే ఇలాంటి పనులు దాచుకుంటారేమిటో నాకు అర్థం కాదు. ‘కింద డొల్లగా ఉంది, నింపుతున్నాం, సాయంత్రం దాకా పడుతుంది’ అని బోర్డు మీద రాస్తే ఎవరు కాదంటారు?

మా వైపు తప్పులు కూడా ఉన్నాయి, అవి కూడా రాయకపోతే ఈ ఉత్తరం సగమే. అలల్ని వీడియో తీయడానికి బారికేడ్ దాటి వెళ్లేవాళ్లున్నారు, వాళ్లలో సగం మంది మా ఊరివాళ్లే. కోన్లు తీసుకెళ్లి పెరట్లో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కల్వర్టు నోట్లో చెత్త వేసేది మేమే, అది పూడుకుపోయి రోడ్డు మునిగితే తిట్టేది మిమ్మల్ని. తుపాన్లు రాకముందే కల్వర్టు మేం శుభ్రం చేస్తాం, యంత్రం అవసరమైన చోట మీరు పంపండి. వీడియోవాళ్లకి జరిమానా వేయండి, ఎవరి తరఫునా సిఫారసుకి రాం.

గోడ కట్టమని అడుగుతానని అనుకుంటున్నారేమో. అడగను. నిటారు గోడకి కొట్టుకున్న అల తిరిగి వెళ్తూ గోడ ముందున్న ఇసుకని తవ్వుకుపోతుంది, కొన్నేళ్లకి గోడ కాళ్లే తేలుతాయి. ఇంగ్లండ్‌లోనే స్లాప్టన్ దగ్గర, సముద్రానికీ ఒక మంచినీటి సరస్సుకీ మధ్య గులకరాళ్ల గట్టు మీద పోయే రోడ్డు ఉంది, అచ్చం మా రోడ్డులాంటిదే. 2001లో తుపానుకి కొంత కొట్టుకుపోతే లోపలికి జరిపి వేశారు. 2018లో మళ్లీ దెబ్బతింటే మళ్లీ లోపలికి జరిపారు. అమెరికాలో నార్త్ కరోలినా తీరపు హైవే 12 రొడాంథే దగ్గర పదే పదే ఇసుకలోనూ నీళ్లలోనూ మునుగుతుంటే, విసిగిపోయి 2022లో ఆ ముక్కని వదిలేసి పక్కనున్న నీళ్ల మీదుగా వంతెన తెరిచారు. మా రోడ్డుకి కూడా ఏదో ఒకరోజు అలాంటి నిర్ణయం తప్పదు. దానికి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది, అప్పుడు వేరే ఉత్తరం రాస్తాను.

ఇప్పుడు అడుగుతున్నవాటిలో డబ్బు ఖర్చయ్యేవి చాలా తక్కువ. ఒక బోర్డు, ఒక నంబర్, బారికేడ్‌ని కొన్ని కిలోమీటర్లు వెనక్కి తీసుకెళ్లే ట్రక్కు డీజిల్. చలికాలం మొదలయ్యేలోపు మీలో ఎవరైనా ఒక్కరు, ఇంజినీరే రానక్కర్లేదు, మా దగ్గరికి వచ్చి కూడలి నుంచి పల్లం దాకా మాతో నడిస్తే చాలు. లారీ ఎక్కడ తిరగగలదో, నీళ్లు ముందు ఎక్కడ ఎక్కుతాయో చూపిస్తాం. పోటు వేళకి వస్తే ఇంకా మంచిది.

కూడలి దగ్గరున్న కరెంటు స్తంభం పక్కన మేం ఒక గుంజ పాతి, దానికి రెండు మేకులు కొట్టి ఉంచాం. వాన పడకుండా పైన రేకు కూడా వేశాం. నల్లబోర్డు మీరు తీసుకురండి. సుద్దముక్కలు మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
రోడ్డు చివరి ఇళ్లవాళ్ల తరఫున ఒకరు